కంప్యూటర్ లోకం: ఒక పద్దుకు ఎంత చోటు?

దస్త్రాలు బీరువాలలో ఉన్నంతకాలం అవి ఎంత చోటు ఆక్రమించినదీ కంటికి కనిపించేది. క్లౌడ్ డేటాబేస్‌లో అది నెలసరి బిల్లులో మాత్రమే కనిపిస్తుంది. కనుక పద్దు నమూనా నిర్ణయించే ముందే లెక్క వేసుకొనడం అవసరం. లెక్క వేయనిచోట పొదుపు పేరిట మొదటి వేటు తెలుగు లిపిపైనే పడుతుంది.

జంషెడ్‌పూర్ తెలుగువారి సభ్యత్వ పట్టికను గూగుల్ వారి ఫైర్‌స్టోర్‌లో భద్రపరచదలిచామనుకుందాం. యూటీఎఫ్-8 పద్ధతిలో రోమన్ అక్షరానికి 1 బైటు, తెలుగు సంకేతానికి 3 బైట్లు అవసరం. ‘భాలుబాసా’ చూపునకు నాలుగక్షరాలే. కాని హల్లు, గుణింతపు గుర్తు వేర్వేరుగా లెక్కకు వస్తాయి గనుక అవి 8 సంకేతాలు, అనగా 24 బైట్లు. ఫైర్‌స్టోర్ ప్రతి మాటకూ మరొక బైటు చేరుస్తుంది, వెరసి 25. రోమన్ లిపిలోనైతే 10.

‘సభ్యులు’ పట్టికలో 1017 అను పద్దును చూద్దాం. పట్టిక పేరుకు 22, పద్దు గుర్తుకు 5, స్థిరంగా 16: పద్దు పూర్తి పేరు 43 బైట్లు. ఇక గడులు మూడు:

పేరు (13) – రాము (13)
పేట (10) – భాలుబాసా (25)
సంవత్సరం (25) – 1998 అను అంకె (8)

గడుల మొత్తం 94. ప్రతి పద్దుకూ అదనంగా 32. అంతా కలిపి 169 బైట్లు.

సభ్యుని పేరు, పేట పేరు రోమన్ లిపిలోకి మార్చితే మిగిలేది 23 బైట్లు. పదివేల మందికి పావు మెగాబైటైనా కాదు. వాటిని తెలుగులోనే ఉంచి, పట్టిక పేరును రెండు రోమన్ అక్షరాలకు, గడుల శీర్షికలను ఒక్కొక్క అక్షరానికి కుదించితే 61 బైట్లు మిగులుతాయి. శీర్షికలు ప్రతి పద్దులోనూ పునరావృతమవుతాయి గదా! తెరపై మాత్రం పూర్తి తెలుగు శీర్షికలే చూపవచ్చును.

అసలు భారం సూచికలది. ఫైర్‌స్టోర్ ప్రతి గడికీ ఆరోహణ, అవరోహణ సూచికలను తానే నిర్మిస్తుంది. ఒక్కొక్క సూచికలో పద్దు పేరు, శీర్షిక, విలువ, అదనంగా 32 బైట్లు చేరుతాయి. పైన చెప్పిన ‘పేట’ గడికే ఒక్కొక్కటి 110 బైట్లకు తగ్గదు. రెండు సూచికలు కలిసి అసలు పద్దునే మించిపోతాయి. ఎవరూ వెదకని గడులకు సూచికలు మాన్పించే వీలున్నది.

పొదుపు శీర్షికలలో, సూచికలలో చేయాలి. మనుష్యుల పేర్లలో కాదు. రోమన్ లిపిలో ల-ళ, న-ణ భేదాలు, దీర్ఘాలు ఒకసారి పోయిన తరువాత, వలస వచ్చిన కుటుంబం తన పేరును ఎలా వ్రాసుకొన్నదో ఆ పద్దునుండి తిరిగి రాబట్టలేము.