వరదొచ్చినా మందు ఆగొద్దు

కాగ్నా నది ఉప్పొంగితే వికారాబాద్ జిల్లాలోని తాండూరు, కొడంగల్ పల్లెలకు రాకపోకలు కష్టమవుతాయి. బియ్యం, పాలు అయిపోయాయని ఎవరైనా చెప్పుకోగలరు. హెచ్‌ఐవీ మాత్రలు అయిపోయినవారు మాత్రం నోరు విప్పలేరు.

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకోవాల్సినవి. మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది. మధ్యమధ్య ఆపితే మందులకు లొంగకుండా మొండికెత్తే ప్రమాదమూ ఉంది.

విపత్తులోనూ మందు ఆగకుండా చూడొచ్చు. 2010 జనవరి 12న వచ్చిన భూకంపం హైతీ రాజధాని పోర్టోప్రిన్స్‌ను కుప్పకూల్చింది. అక్కడి ఘెస్కియో వైద్య సంస్థ భవనాలూ దెబ్బతిన్నాయి. అయినా హెచ్‌ఐవీ చికిత్స కొనసాగించింది. గూడు కోల్పోయిన వేలమందికి తన ఆవరణలోనే చోటిచ్చింది.

మన దేశంలో ఈ మందులు 2004 ఏప్రిల్ నుంచి ఉచితంగా అందుతున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో కొన్ని నెలల మందులు ఒకేసారి చేతికిచ్చారు. అదే పద్ధతి వానాకాలానికీ కావాలి.

2024 సెప్టెంబరు 1న మున్నేరు నది ఖమ్మం కాలనీలను ముంచెత్తినప్పుడు ఇళ్లలోని కాగితాలూ నీటిపాలయ్యాయి. చికిత్స కార్డు తడిసిపోయినా దగ్గరి కేంద్రంలో మందు దొరకాలి. వికారాబాద్ జిల్లా అధికారులు జూన్‌లోపే అదనపు మాత్రలు పంచాలి. పునరావాస శిబిరంలో రోగి పేరు బయటికి పొక్కకూడదు. ఆ గోప్యత 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఇచ్చిన హక్కు.