బేస్‌మెంట్‌లో బకెట్

చలికాలం మొదలైందంటే మా న్యూజెర్సీ తెలుగు ఇళ్ళల్లో ఒక వింత వైద్యం చూస్తుంటాను. బేస్‌మెంట్‌లో బాయిలర్ పక్కన ఒక ఇత్తడి ముక్క లోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతుంటాయి. దాని కింద ఒక బకెట్. ఏమిటండీ అని అడిగితే, "చిన్న లీకేలెండి, మా ఆవిడ రోజూ పారబోస్తుంది" అంటారు. చెప్పేది ఆయన, పారబోసేది ఆవిడ. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళ కోసం కాస్త వివరం. ఇక్కడి పాత ఇళ్ళల్లో చాలావాటికి వెచ్చదనం వేడినీళ్ళతోనే. కింద బాయిలర్‌లో కాగిన నీళ్ళు గోడల వెంట పైపుల్లో తిరిగి మళ్ళీ కిందికొస్తాయి. ఏళ్ళ తరబడి అవే నీళ్ళు. తుప్పూ మడ్డీ అందులోనే, కొన్ని ఇళ్ళల్లో గడ్డకట్టకుండా కలిపే యాంటీఫ్రీజ్ కూడా అందులోనే. తగ్గిన నీళ్ళు భర్తీ కావడానికి మంచినీళ్ళ పైపు నుంచి ఒక పాయ తీసి బాయిలర్‌కి కలుపుతారు. వంటింటి కుళాయికి వచ్చేదీ ఆ పైపే. ఈ రెండు నీళ్ళూ కలవకుండా మధ్యలో కాపలా కాసేదే బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్. అరచేతిలో పట్టేంత ఉంటుంది. లోపల ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, రెండూ ఒకవైపే తెరుచుకుంటాయి. వాటి మధ్య కిందికి ఒక రంధ్రం. బాయిలర్ నీళ్ళు వెనక్కి మళ్ళితే మంచినీళ్ళ దాకా పోకుండా ఆ రంధ్రం లోంచి నేల మీద పడాలని అలా చేశారు. అది కారుతోందంటే లోపల ఏ నలుసో ఇరుక్కుంది, లేదా రబ్బరు అరిగింది, లేదా నీటి ఒత్తిడిలో తేడా ఉంది. కారేవి చాలాసార్లు శుభ్రమైన నీళ్ళే కావచ్చు. అయినా కాపలావాడికి ఒంట్లో బాగోలేదని తెలిశాక ఊరుకుంటామా?

మొన్నొక పాట్‌లక్‌లో మగవాళ్ళ టేబుల్ దగ్గర విన్న సలహా ఇది: "దానికో ప్లగ్ బిగించెయ్యండి, పది నిమిషాల పని." పక్కాయన తల కూడా ఊపాడు! రంధ్రం మూస్తే కారడం ఆగుతుంది, నిజమే. ఆ రెండు తలుపులూ సరిగ్గా మూసుకోని రోజున ఆ నీళ్ళెటు పోతాయి? వీధిలో మెయిన్ పగిలినా, ఫైరింజన్ వాళ్ళు హైడ్రంట్ తెరిచినా ఊరి పైపులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఆ పైపు ఇళ్ళల్లోంచి వెనక్కి పీలుస్తుంది. మర్నాడు పొద్దున్న కాఫీకి ఎవరు పడతారు ఆ నీళ్ళు? పిల్లల బాటిళ్ళు ఎవరు నింపుతారు? ముందు మీ ఇంట్లో బిగించుకుని, ఆ కుళాయి నీళ్ళు మీరు తాగి చూపించండి అన్నాను. పెరుగన్నం చల్లగా ఉందంటూ మాట మార్చేశారు.

నేను ఊరికే భయపెడుతున్నానని అనుకునేవాళ్ళకి ఒక్క సంగతి. 1933లో షికాగోలో వరల్డ్ ఫెయిర్ జరుగుతున్నప్పుడు, హోటళ్ళ పైపుల్లో లోపం వల్ల మురుగు మంచినీళ్ళలో కలిసి అమీబిక్ విరేచనాలు ప్రబలాయి. 98 మంది పోయారు. మురుగూ బాయిలర్ నీళ్ళూ ఒకటే అనను. మంచినీళ్ళ పైపుని ఇంకో నీటికి కలిపినచోట కాపలా ఎందుకుండాలో మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

బకెట్ సంగతి కూడా లెక్కేద్దాం. సెకనుకో బొట్టు చొప్పున కారితే ఏడాదికి 3,000 గాలన్ల పైమాటే. అంటే రోజుకి ఎనిమిది గాలన్లు, మామూలు బకెట్‌తో ఒకటిన్నర. అవి బాయిలర్ వైపు నీళ్ళే అయితే నష్టం ఇంకో రకం. పోయినదానికి బదులు కొత్త నీళ్ళొస్తాయి, వాటితోపాటు ఆక్సిజన్ వస్తుంది, లోపల ఇనుము తుప్పు పడుతుంది. నడుము నొప్పితో మెట్లెక్కి దిగుతూ మనం కాపాడుకునేది ఏమిటి మరి?

"ఆయన చూసుకుంటారులే" అనే అక్కచెల్లెళ్ళతో నాకు అసలు పేచీ. మోటారు ఎప్పుడు వెయ్యాలో, కుళాయి ఎన్నింటికి వస్తుందో, సంపులో ఎంతుందో, ట్యాంకు నిండితే ఏ వాల్వు కట్టాలో మా అమ్మకి తెలిసినంత మా నాన్నకి ఏనాడూ తెలీదు. మన ఊళ్ళల్లో నీళ్ళ వ్యవహారం ఆడవాళ్ళదే. అమెరికా వచ్చేసరికి బేస్‌మెంట్ మెట్ల దగ్గర ఎందుకు ఆగిపోతాం? బకెట్ మన పని అయినప్పుడు గేజ్ మన పని ఎందుకు కాదు?

మా ఇంటికొచ్చిన టెక్నీషియన్ గుమ్మంలోనే "మీ హస్బెండ్ ఉన్నారా?" అన్నాడు. ఫోన్ చేసింది నేనే, చెప్పండి అన్నాను. కిందికి దిగి రెండు నిమిషాలు చూసి, బాయిలర్ పాతది, మొత్తం మార్చేస్తే మంచిదన్నాడు. గేజ్ చల్లగా ఉన్నప్పుడు 12, వేడెక్కాక 18, అంతకు మించట్లేదు, మరి బాయిలర్‌కి వచ్చిన జబ్బేమిటని అడిగాను. అతను ఇంకోసారి చూశాడు. ఆ ముక్క ఒక్కటే మార్చాడు. దాని ధర మనం పండక్కి కొనే పట్టుచీరంత కూడా లేదు. పాతది విప్పి చూపించమంటే చూపించాడు, రబ్బరు మీద ఆవగింజంత ఇసుకరవ్వ.

రెంచీ పట్టుకోమని నేను ఎవర్నీ అనడం లేదు. గేజ్ చూడమంటున్నాను. రెండంతస్తుల ఇంటికి చల్లగా ఉన్నప్పుడు 12 పి.ఎస్.ఐ. దగ్గర ఉండాలి. వేడెక్కినకొద్దీ ముల్లు 30 వైపు ఎగబాకుతుంటే ఎక్స్‌పాన్షన్ ట్యాంకుని అనుమానించాలి. అప్పుడు ప్రివెంటర్ ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. 30 దగ్గర తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ వేరే ఉంటుంది, దాని పైపు లోంచి కారడం వేరే కథ. ఏ ముక్క లోంచి కారుతోందో చూసుకుని, ఫోటో తీసుకుని, చల్లగా ఉన్నప్పటి అంకె, వేడెక్కాక అంకె రాసిపెట్టుకుని అప్పుడు ఫోన్ చెయ్యండి. అవతలివాళ్ళు "మీ హస్బెండ్‌తో మాట్లాడాలి" అంటే పెట్టేసి ఇంకో కంపెనీకి చెయ్యండి.