ఐదుగురు ఉంటేనే నేరమా?

2018 మే నెల, రంజాన్ రోజులు. మహబూబ్‌నగర్ వైపు నుంచి బిచ్చమెత్తుకోవడానికి వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళలను హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపు చుట్టుముట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారే కారణం. రాళ్ల దెబ్బలకు ఒకరు చనిపోయారు.

అక్కడికి దగ్గరలోనే ఉన్న బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు గుడిసెల్లో బతుకుతున్నాయి. రేపు అలాంటి పుకారే వీళ్ల మీదికి మళ్లితే మన చట్టం ఏం చేస్తుంది?

బాధితుడు ఏం చేశాడన్నది కాక, ఎవరన్నదే దాడికి కారణమైతే అది లక్షిత హింస. దెబ్బ ఒకరికి తగిలినా భయం బస్తీ అంతటినీ పట్టుకుంటుంది. దాన్ని వీధి తగాదాగా నమోదు చేయడం బాధితులకు రెండోసారి అన్యాయం చేయడమే.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103(2) సెక్షన్ మూకహత్యను ప్రత్యేక నేరంగా గుర్తించింది. మంచిదే. కానీ అది వర్తించాలంటే హంతకులు కనీసం ఐదుగురు ఉండాలి. హత్యకు కారణాలుగా కులం, భాష, పుట్టినచోటు అందులో ఉన్నాయి, మతం పేరు లేదు. తీవ్ర గాయాలకు మరో సెక్షన్ ఉంది. ఇల్లు ఖాళీ చేయమన్న బెదిరింపు, పనివ్వకుండా వెలివేయడం ఈ రెండు సెక్షన్లకూ అందవు.

హింస ఆ వెలివేతతోనే మొదలవుతుందని ఆంధ్రప్రదేశ్‌లోని చుండూరు గ్రామం చెప్పింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపడానికి ముందే ఊరి పెత్తందార్లు వాళ్లను వెలివేశారు, కూలిపనులు ఆపేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. ఆ ఊరి వితంతువుల ముఖం చూసి ఇది న్యాయమని ఎవరు చెప్పగలరు?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 2015 సవరణతో సాంఘిక బహిష్కరణను కూడా నేరంగా లెక్కించింది. ఆ రక్షణ మతం, లింగం, పుట్టిన దేశం కారణంగా దాడికి గురయ్యేవాళ్లకూ ఉండాలి. 2011లో రూపొందిన మతపర, లక్షిత హింస బిల్లు, రాష్ట్రాల అధికారాల్లోకి చొరబడుతోందన్న అభ్యంతరంతో 2014లో రాజ్యసభలోనే ఆగిపోయింది. శాంతిభద్రతలు రాష్ట్రం చేతిలోని అంశం కాబట్టి తెలంగాణ శాసనసభే అలాంటి చట్టం చేయాలి. దాడిచేసినవాళ్ల సంఖ్య చూడకుండా, బాధితులను ఎందుకు ఎంచుకున్నారో ఎఫ్‌ఐఆర్‌లోనే రాయాలని అందులో నిర్దేశించాలి. మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో నోడల్ అధికారి ఉండాలని 2018 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. చట్టం వచ్చేలోగా ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు బాలాపూర్ బస్తీల గోడల మీద రాయించాలి, అక్కడివాళ్లు చదవగలిగే భాషలో.