గద్వాల చీరలో గోల్డెన్ రేషియో లేదు మహాప్రభో!

పోయిన వారం ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డు. గద్వాల చీర ఫోటో మీద నత్తగుల్ల లాంటి గీత గీసి, "మన పూర్వీకులకి గోల్డెన్ రేషియో ఎప్పుడో తెలుసు" అని రాశారు. దానికి నలభై బొటనవేళ్ళు! మాది వనపర్తి. మా ఇంట్లో పెళ్ళి చీరలంటే గద్వాలే. ఒళ్ళు మండింది.

గీత ఎక్కడ మొదలవ్వాలో మనమే ఎంచుకుంటే 1.618 నా లంచ్ బాక్సులోనూ దొరుకుతుంది. జార్జ్ మార్కోవ్‌స్కీ అనే ఆయన 1992లోనే ఈ పిచ్చిని ఉతికి ఆరేశాడు.

అసలు లెక్క అంచు దగ్గరుంది. గద్వాల చీరకి బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. నేతలో మూడు నాడెలు ఆడతాయి: బాడీకి ఒకటి, అంచులకి చెరొకటి. చాలాసార్లు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నూలు పేకా పట్టు పేకా ఎదురుపడిన చోట ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. ఇదే కుట్టు. ఆ మలుపుని వరసకి ఇన్ని పడుగు పోగులని జరుపుతూ పోతే కోటకొమ్మ కోణాలు లేస్తాయి. రెండు పోగులు జరిపితే ఒక వాలు, మూడు జరిపితే ఇంకో వాలు. సగం పోగు అనేది లేదు. ఏటవాలు గీతని పూర్ణాంకాలతో మెట్లు మెట్లుగా గీయడమన్నమాట. 1962లో ఐబీఎంలో బ్రెసెన్‌హామ్ తల పట్టుకున్నదీ దీని గురించే కదండీ!

పైగా గడి చతురస్రం కానక్కర్లేదు. అంగుళానికి పడుగు పోగులెన్నో పేకలూ అన్నే ఉండవు. అది చూసుకోకపోతే కొమ్మ పొట్టిదైపోతుంది. పాత సీజీఏ తెర మీద, 320×200లో, వృత్తం గుడ్డులా వచ్చేది గుర్తుందా? అదే బగ్గు. ఇక్కడ కంట్రోల్-జెడ్ అంటే నేసింది విప్పుకుంటూ పోవడమే.

ఈ లెక్కని లెక్క అనకుండా "అద్భుతమైన ప్రాచీన కళ" అని దండం పెట్టేస్తే, తర్వాత కూలి దగ్గర బేరమాడ్డం తేలిక. మనమేమో ఎస్టిమేటులో టెస్టింగుకి కూడా గంటలేసుకుంటాం.

ఆ ఫార్వర్డు పెట్టింది నాగర్‌కర్నూల్ తమ్ముడు. మధ్యాహ్నం క్యాంటీన్లో తనే, "మెషీన్ది సగానికే వస్తది గదన్నా" అన్నాడు. తమ్ముడూ, ఆ సగం ధర చీర మీద కూడా నీ నత్తగుల్ల అతికినట్టు సరిపోతుంది, గీసి చూడు. తర్వాత అంచు తిరగేసి చూడు. ఒకటే పేక ఈ చివర నుంచి ఆ చివరకి పోయుంటే, బాడీ రంగు అంచులోకి కలిసి కనపడుతుంది. కుట్టు ఉంటే రంగు పోగు దగ్గర తెగినట్టు ఆగిపోతుంది.

వచ్చే నెల వాళ్ళక్క పెళ్ళి. చీరలెక్కడ కొంటాడో చూడాలి.