లేసు అల్లిక కాలక్షేపమా?

నరసాపురం పేరు వినగానే గోదావరి ప్రజలకు లేసు గుర్తుకు వస్తుంది. ఆ పట్టణం చుట్టుపట్ల పల్లెలలోను, ఏటికి ఆవల కోనసీమలోను వంటపని ముగిసిన తరువాత అరుగుల మీద కూర్చుని సన్నని కొక్కెపు సూదితో దారం అల్లే స్త్రీలు తరతరాలుగా ఉన్నారు. ఇంతమంది జీవితాలతో ముడిపడిన ఈ పనిని మన సమాజం నేటికీ 'తీరిక వేళల కాలక్షేపం' అనే పిలుస్తున్నది. ఆ మాట సరికాదని, ఆ చేతులకు రావలసిన ప్రతిఫలం రాకుండా చేస్తున్నది ఆ మాటేనని మా అభిప్రాయం. ఇటీవల యువతులు మక్కువతో నేర్చుకుంటున్న ఒక చిన్న వస్తువును, దూది నింపిన సముద్రపు తాబేలు బొమ్మను, ఉదాహరణగా తీసుకొని ఈ సంగతిని చదువరుల ముందుంచుతున్నాము.

ముందు కొంత చరిత్ర. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుండి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఈ విద్యను గోదావరి డెల్టాలో ప్రవేశపెట్టారని చెబుతారు. మొదట నేర్చుకున్నవారు పేద క్రైస్తవ కుటుంబాల స్త్రీలు. కాలక్రమేణా కాపు కుటుంబాల స్త్రీలు కూడా ఈ పని చేపట్టారు. పొలం పనికి వెళ్ళకుండా గడప లోపల ఉండడం గౌరవమని భావించే ఆ ఇండ్లలో 'గోషా' అనే మాట వాడుకలో ఉండేది. మన ముస్లిం కుటుంబాలకు ఆ మాట కొత్తది కాదు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో 'క్రోషియా' అని పిలిచేది ఈ అల్లికనే. నమాజు వేళ ధరించే జాలీ టోపీలు ఎన్నో ఈ సూది మీదనే తయారవుతాయి. మతాలు వేరైనా సూది ఒక్కటే. ఆ సూది వెనుక నిలిచిన గడప కూడా ఒక్కటే.

1970వ దశకం చివర జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం ప్రాంతానికి వచ్చి ఈ స్త్రీల జీవితాలను పరిశీలించారు. ఆమె గ్రంథం 1982లో వెలువడింది. లేసు అల్లేవారిని 'గృహిణులు' అని పిలవడం వల్ల వారి శ్రమ శ్రమగానే కనబడకుండా పోయిందని, ప్రపంచ విపణికి సరుకు పంపుతున్న శ్రామికులు అందుకే అతి తక్కువ కూలితో సరిపెట్టుకోవలసి వచ్చిందని ఆమె వాదించారు. పని ముక్కలుగా విడిపోవడాన్ని కూడా ఆమె గమనించారు. ఒకరు చేతిపని చేస్తారు, మరొకరు అతుకుపని చేస్తారు, వేరొకరు కాజాకుట్టు వేస్తారు. పువ్వు అల్లిన స్త్రీకి ఆ పువ్వు ఏ బల్లమీది గుడ్డలో చేరిందో, ఆ గుడ్డ ఎంతకు అమ్ముడుపోయిందో తెలిసే మార్గం లేదు. ధర తెలియనివారు బేరమెట్లా ఆడగలరు?

ఇక్కడనే మా తాబేలు బొమ్మకు ప్రాముఖ్యం కలుగుతున్నది. దానిని ఆరంభం నుండి అంతం వరకు ఒక్కరే అల్లుతారు. దారంతో చిన్న వలయం చేసి అందులో 6 కుట్లు వేయాలి. రెండవ వరుసలో 12, మూడవ వరుసలో 18, నాలుగవ వరుసలో 24: ఇట్లా వరుసకు ఆరేసి పెంచుకుంటూ పోతే బల్లపరుపు బిళ్ళ ఏర్పడుతుంది. పెంచడం ఆపితే అంచు పైకి లేచి గిన్నె అవుతుంది. అదే తాబేలు డిప్ప. క్రింది భాగం, తల, నాలుగు ఈత రెక్కలు వేరుగా అల్లి, దూది కూరి, డిప్పకు కుట్టివేయాలి. కుట్టు బిగువుగా లేకపోతే సందులలో నుండి దూది బయటికి తొంగిచూస్తుంది. పసిపిల్లల కోసమైతే కన్నులకు పూసలు పెట్టరాదు. ఊడివస్తే నోట పెట్టుకుంటారు గనుక నల్లదారంతోనే కుట్టాలి.

ఇది లెక్కతో కూడిన విద్య అని వేరే చెప్పనక్కరలేదు. ప్రతి కుట్టులోనూ పెంచుతూ పోతే అంచు కుచ్చిళ్ళు పడి పగడపు దిబ్బ ఆకారం వస్తుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే గణిత శాస్త్రజ్ఞురాలు 1997లో ఈ ఉపాయంతోనే అతిపరావలయ తలాన్ని దారంతో అల్లి, విద్యార్థులు చేతితో తాకి తెలుసుకునేటట్లు చేశారు. డెన్మార్కులో 2013లో కొందరు స్వచ్ఛంద సేవకులు నెలలు నిండని శిశువుల కోసం ఎనిమిది కాళ్ళ ఆక్టోపస్ బొమ్మలు అల్లి ఆసుపత్రులకు ఇవ్వసాగారు. ఆ కాళ్ళు పట్టుకొని శిశువు బొడ్డుతాడును పట్టుకున్నట్లు ఊరడిల్లుతుందని వారి నమ్మకం. దీనికి గట్టి వైద్య నిదర్శనం లేకపోయినా ఆ అలవాటు అనేక దేశాలకు వ్యాపించింది. మనకు ఆక్టోపస్ దాకా పోనక్కరలేదు. ఏటేటా చలికాలంలో మన తీరానికి గ్రుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు ఉన్నది. వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చే పులస ఉన్నది.

అయితే అసలు ప్రశ్న ధరను గురించినది. బజారులో యంత్రంపై తయారైన మెత్తని బొమ్మలు చవకగా దొరుకుతున్నాయి, చేతిబొమ్మకు అంత ధర ఎవరిస్తారని కొందరు అడుగుతారు. ఊలు అల్లే యంత్రాలు ఉన్నవి గాని, క్రోషియా కుట్టును చేతివలె వేసే యంత్రమేదీ నేటివరకు వ్యాపార స్థాయిలో వాడుకలోకి రాలేదు. కనుక క్రోషియా బొమ్మ ఎక్కడైనా మరీ చవకగా కనబడితే, ఆ చవకదనం యంత్రం ఇచ్చినది కాదు; ఒక స్త్రీ కన్నుల నుండి, వ్రేళ్ళ నుండి తీసుకున్నది. 2024-25లో గ్రామీణ ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో రోజుకూలి 300 రూపాయలుగా నిర్ణయించారు. దానిని ఎనిమిది గంటల పనిగా లెక్కించినా గంటకు 37 రూపాయల 50 పైసలు. ఒక తాబేలుకు నాలుగు గంటలు పట్టిందనుకుంటే దారం, దూది ఖర్చు కాక శ్రమకే 150 రూపాయలు రావాలి. నైపుణ్యం అక్కరలేని పనికి ఇచ్చే కూలితో వేసిన లెక్క ఇది. నైపుణ్యానికి విలువ కడితే ఇంకెంత కావాలో పాఠకులే ఊహించుకొనవచ్చు.

ఇంటిపట్టున చేసుకునే పనికి ఇన్ని లెక్కలెందుకని పెద్దలు అనవచ్చు. ఇంట్లో కూర్చుని చేసినా నడుము నొప్పి నొప్పే, చూపు మందగించడం మందగించడమే. గడప లోపల చేసినంత మాత్రాన శ్రమ విలువ తగ్గదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు నకిలీ సరుకు నుండి ఊరి పేరును కాపాడగలదు. కాని ఆ లేసు అల్లిన స్త్రీకి గంటకు ఎంత ముట్టిందో అది చెప్పదు. ఆ లెక్క మనమే వేయాలి.

కాబట్టి మా కళాశాల సోదరీమణులకు మా సూచనలు మూడు. సూది పట్టిన ప్రతిసారీ ఎన్ని గంటలు పట్టిందో ఒక పుస్తకంలో వ్రాయండి. పదిమంది కలసి ఒకే ధర నిర్ణయించి దానికి కట్టుబడండి. ఒక్కరు తగ్గిస్తే పదిమందికీ నష్టం. బొమ్మతోపాటు అల్లినవారి పేరు, పట్టిన గంటలు వ్రాసిన చీటీని జతచేయండి. సోదరులకు ఒకే సూచన: ఇంట్లో అమ్మగాని, అమ్మీగాని, అక్కగాని, ఆపాగాని సూది పట్టినప్పుడు 'ఊరికే కూర్చున్నది' అనకండి, 'పని చేస్తున్నది' అనండి. మాట మారనిదే కూలి మారదని మా దృఢ విశ్వాసం.