వివృత విశ్వం

కొలతలు కాదన్న సిద్ధాంతాన్ని విద్యార్థి ఎందుకు చదవాలి? ఈ ప్రశ్నకు వివృత విశ్వ నమూనా చరిత్ర చక్కని సమాధానం.

బల్లపై గీసిన త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలు. బంతిపై గీస్తే ఆ మొత్తం పెరుగుతుంది. గుర్రపు జీనువలె ఒక దిశలో పైకి, మరొక దిశలో కిందికి వంగిన తలంపై గీస్తే తగ్గుతుంది. ఇట్టి వంపునకే ఋణ వక్రత అని పేరు. పంతొమ్మిదవ శతాబ్దంలో లోబచెవ్‌స్కీ, బోల్యాయ్ ఈ జ్యామితిని నిర్మించినప్పుడు చాలామందికి అది కేవలం మేధావిలాసంగా తోచింది.

రష్యా గణితవేత్త అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ దానిని విశ్వానికి అన్వయించాడు. విశ్వం కాలంతోపాటు మారగలదని 1922లో అతడు చూపగా, ఆ గణితంలో దోషమున్నదని ఐన్‌స్టీన్ ఆక్షేపించాడు. మరుసటి ఏడే ఆ ఆక్షేపణను తానే ఉపసంహరించుకొన్నాడు. విశ్వానికి ఋణ వక్రత కూడ సాధ్యమేనని ఫ్రీడ్‌మన్ 1924లో చూపాడు. మరుసటి సంవత్సరమే, ముప్పై ఏడేండ్ల వయస్సులో కన్నుమూశాడు. దూరపు గెలాక్సీలు మరింత దూరమవుతున్నాయన్న హబుల్ పరిశీలన 1929లో గాని వెలువడలేదు.

విశ్వ సాంద్రత ఒక నియత పరిమితికంటె తక్కువైతే అంతరాళానికి ఋణ వక్రత ఉంటుంది. పదార్థం మాత్రమే ఉన్న అట్టి విశ్వం ఎన్నటికీ ఆగక విస్తరిస్తుంది. అదే వివృత విశ్వం. ఆ సాంద్రత పరిమితిలో పదోవంతుకు మించదని 1974లో గాట్, గన్, ష్రామ్, టిన్స్‌లీ అనే నలుగురు శాస్త్రజ్ఞులు వాదించారు. 1981లో అలన్ గూత్ ప్రతిపాదించిన ద్రుతవ్యాకోచ సిద్ధాంతమో, అంతరాళం సమతలంగానే ఉండాలన్నది. పరిశీలకులు ఒకవైపు, సిద్ధాంతకారులు మరొకవైపు నిలిచారు.

ఈ వివాదాన్ని వాదపటిమ తీర్చలేదు, కొలత తీర్చింది. విశ్వ విస్తరణ వేగం పెరుగుతున్నదని 1998లో సూపర్‌నోవాల పరిశీలన తెలిపింది. అంటార్కిటికాపై ఎగిరిన బూమరాంగ్ బెలూన్ ఆదికాలపు కాంతిలోని మచ్చలను కొలిచింది. అంతరాళం ఋణ వక్రమైతే అవి చిన్నవిగా కనిపించాలి. 2000లో ప్రకటించిన ఫలితాలలో వాటి పరిమాణం దాదాపు ఒక డిగ్రీగా, సమతల విశ్వానికి తగినట్లుగానే తేలింది. 2018 నాటి ప్లాంక్ ఉపగ్రహ ఫలితాలను ఇతర కొలతలతో కలిపి చూసినా వక్రత సున్నాకు అతి సమీపంలోనే ఉన్నది.

అయితే వివృత విశ్వవాదులు పూర్తిగా ఓడిపోయారా? లేదు. పదార్థం చాలదన్న వారి మాట నిజమే. కృష్ణపదార్థాన్ని కలుపుకొన్నా అది సుమారు 30 శాతమే. మిగిలిన 70 శాతం కృష్ణశక్తి అని నేటి అవగాహన. ఇరుపక్షాల వద్దా సగం సత్యమే ఉండెను. తమకు ప్రియమైన ఊహకంటె కొలతనే గొప్పగా భావించినందున ఆ రెండు సగాలూ ఒకటయ్యాయి.

కనుక నిలువని నమూనాలను చరిత్రలోని పొరపాట్లుగా తీసివేయరాదు. స్పష్టంగా చెప్పిన ఊహ కాదని తేలినప్పుడు కూడ జ్ఞానాన్ని పెంచుతుంది. పరీక్షకు నిలువని అస్పష్టపు మాట నిజమైనా ఎవరికీ దారి చూపదు. తన మాటను పరీక్షకు పెట్టగల ధైర్యం, పరీక్ష కాదన్నప్పుడు దానిని విడువగల వినయం విద్యార్థి అలవరచుకోదగిన గుణాలు.