ఉత్త సర్వేనే కదా!

"తవ్వట్లేదు కదా, ఉత్త సర్వేనే కదా!" నల్లమల యురేనియం గురించి వాదన మొదలైన ప్రతిసారీ నాకు ఎదురయ్యే మాట ఇది. అనేవాళ్లు పరాయివాళ్లు కాదు, నా స్నేహితులే. అందుకే ఎక్కువ చిరాకు.

సర్వేలో మొదటి మెట్టు నిజంగానే మెత్తన. కొందరు మనుషులు వాగుల వెంట నడుస్తారు. అడుగున పేరుకున్న ఒండ్రు తీసి, జల్లెడపట్టి, సంచుల్లో కట్టి ల్యాబుకి పంపుతారు. కొండరాతిలోని లోహం జాడ వానకి కొట్టుకొచ్చి అందులో దొరుకుతుంది. ముచ్చటైన శాస్త్రం. దానితో నాకేం పేచీ లేదు.

కానీ లంబాపూర్, చిత్రియాల్ వైపు దొరికిన యురేనియం, పైనున్న శ్రీశైలం క్వార్ట్‌జైటూ కిందున్న గ్రానైటూ కలిసే అంచున ఉంది. అలాంటి చోట ఒండ్రు సరిపోదు, బోరు దించాల్సిందే. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అడిగింది అదే: 83 చదరపు కిలోమీటర్లలో 4,000 బోర్లు. దానికీ పేరు సర్వేనే! మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. రిగ్గు రావాలంటే దారి కావాలి, దారి కావాలంటే చెట్లు పోవాలి. డ్రిల్లింగుకి నీళ్లు కావాలి. ఎండాకాలం నల్లమలలో నీళ్లెక్కడుంటాయో పులికి తెలుసు, పెంటల్లో ఉండే చెంచులకి తెలుసు. రిగ్గుకి కావాల్సిందీ ఆ నీళ్లే.

అప్పుడు మనం హ్యాష్‌ట్యాగులు పెట్టాం, డీపీలు మార్చాం. నేనూ మార్చా. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. గెలిచాం అనుకుని ఇంకో పనిలో పడ్డాం.

2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. ఖనిజాల కోసం చేసే సర్వేని, కొన్ని షరతులు పెట్టి, అటవీయేతర పని కాదని కేంద్రం ఉత్తర్వు ఇవ్వొచ్చు. అంటే రిగ్గు కూడా అడవిలో భాగమే, చెట్టూ పుట్టా లాగా! దీని మీద మనలో ఎవరం ఒక్క వ్యాసం రాశాం? అడవి మీద కవితలు మాత్రం బోలెడు (నావి రెండున్నాయి, చదవకండి).

"తెలుసుకోవడం కూడా తప్పేనా?" అంటారు. కాదు. కానీ ఒక చోటికి నిక్షేపం అని పేరు పడ్డాక, దాన్ని వదిలెయ్యడం నష్టంగా కనిపించడం మొదలవుతుంది. ఖనిజానికి టన్నుల లెక్క వస్తుంది. చెంచుల తేనెకీ గడ్డలకీ అలాంటి లెక్క ఎవరూ వెయ్యరు. ఇంక ఆ వాదనలో వాళ్లు గెలిచేదెట్లా?

ఈసారి ఎవరైనా ఉత్త సర్వేనే అంటే, ఎన్ని బోర్లో అడగండి. ఏ పెంటలో గ్రామసభ పెట్టారో, ఎవరు ఒప్పుకున్నారో కూడా అడగండి.